ఎల్ల దాటిన కారు, ఎల్ల లేని హక్కు
(సంఘ ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉదయం పంచాంగ శ్రవణం విన్నాము. ఎవరి రాశికి ఆదాయమెంత, వ్యయమెంత అని శాస్త్రులవారు చదువుతుంటే అందరమూ వేళ్ళు లెక్కపెట్టుకున్నాము. ఆ పంచాంగంలోకి ఎక్కని వ్యయం ఒకటి మన ప్రవాసాంధ్ర కుటుంబాలకు ప్రత్యేకంగా వున్నది. ఒక రాష్ట్రంలో కారు కొని మరొక రాష్ట్రంలో నడుపుకునేవాడు పడే వ్యయమది. దాన్ని గురించి నాలుగు మాటలు మనవి చేయడానికి నిలబడ్డాను.

పండుగపూట కార్ల మాటేమిటని కొందరికి తోచవచ్చును. కాని మన బ్రతుకులు చూడండి. ఇల్లు బెంగుళూరులో, పొలం అనంతపురం జిల్లాలో. దుకాణం చెన్నపట్నంలో, వియ్యాలవారు నెల్లూరులో. షోలాపురంలో మగ్గాలు, కరీంనగరంలో మేనమామలు. బరంపురంలో కాపురం, ఇచ్ఛాపురంలో చుట్టరికం. యానాంవారి సంగతి సరేసరి. గడప దాటితే ఆంధ్ర రాష్ట్రమే. మనలో ఎవరి కారైనా ఏడాదిలో పదిసార్లు ఎల్ల దాటక మానదు. కొనేటప్పుడు ‘అక్కడ చవక’ అని బావమరిది అంటాడు. అమ్మేటప్పుడు ‘ఇక్కడ మంచి బేరం వచ్చింది’ అని బాబాయి అంటాడు. కాబట్టి ఈ విషయం తెలియకపోవడం వల్ల కలిగే నష్టం ఇతరులకంటె మనకే ఎక్కువ.

నేను చెప్పదలచినది ఒక్కటే. కారు ఎల్ల దాటితే నంబరు మారవలసి రావచ్చు, టాక్సు మారవలసి రావచ్చు. కొనుగోలుదారు హక్కు మాత్రం మారదు. ఆ హక్కు నిలవాలంటే కాగితం సరిగా వుండాలి.

ముందు ఈ చిక్కు ఎక్కడినుంచి వచ్చిందో చూద్దాము. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ఒక రాష్ట్రంలో జరిగిన రిజిస్ట్రేషన్ దేశమంతటా చెల్లుతుంది. అది పార్లమెంటు చేసిన చట్టం. కాని వాహనాలమీద పన్ను వేసే అధికారాన్ని రాజ్యాంగం రాష్ట్రాలకు ఇచ్చింది. రిజిస్ట్రేషన్ దేశానిది, టాక్సు రాష్ట్రానిది అన్నమాట. ఈ రెంటి నడుమనే మన కారు ఇరుక్కుంటున్నది.

2017 జూలై 1న జి.ఎస్.టి. వచ్చిన తర్వాత ఒక మేలు జరిగింది. అంతకు పూర్వం పొరుగు రాష్ట్రంనుంచి కారు తెస్తే ప్రవేశ పన్ను కట్టవలసి వచ్చేది. తమిళనాడులో ఇందుకోసం 1990లో ప్రత్యేకంగా ఒక చట్టమే చేశారు. జి.ఎస్.టి.లో ఆ పన్నులు కలిసిపోయాయి. ఇప్పుడు ఆ వంతు ఏ రాష్ట్రంలో కొన్నా ఒకటే. తేడా అంతా రోడ్డు టాక్సులోనే. ఆ తేడా ఒక్కొక్కప్పుడు లక్షల్లో వుంటుంది.

ఆ లక్షలే మనిషిని తప్పుదారి పట్టిస్తాయి. 2017లో కేరళ వార్తలు మీలో చాలామందికి జ్ఞాపకం వుండే వుంటాయి. కేరళలో నివసిస్తూ, అక్కడే కారు నడుపుతూ, తక్కువ టాక్సు కోసం పుదుచ్చేరిలో ఎవరిదో చిరునామా చూపించి ఖరీదైన కార్లు రిజిస్టరు చేయించుకున్నారని పేరున్నవారిమీద కేసులు పెట్టారు. యానాం పుదుచ్చేరి పాలనలోని ఊరే గదా! కనుక యానాం సోదరులకు ముఖ్యంగా మనవి చేస్తున్నాను. ‘అల్లుడుగారూ, మీ ఇంటి చిరునామా ఒక్కసారి వాడుకుంటాను’ అని కాకినాడనుంచో హైదరాబాదునుంచో పెద్దమనిషి వస్తే, మొగమాటానికి పోయి సంతకం పెట్టకండి. యజమాని నివాసమో వ్యాపారమో వున్నచోట, బండి మామూలుగా నిలిపే చోట రిజిస్ట్రేషన్ జరగాలని చట్టం. తప్పుడు చిరునామా తేలితే కారు కొన్నవాడు వకీలును పెట్టుకుంటాడు. చిరునామా ఇచ్చినవాడు కచేరీ చుట్టూ తిరుగుతాడు. అంతకన్న పెద్ద నష్టం ఇంకొకటి వున్నది. అలాంటివారివల్ల నిజంగా యానాంలో వుండి న్యాయంగా టాక్సు కట్టిన మాస్టారి కారును కూడా చెక్‌పోస్టులో ఆపి అనుమానంగా చూస్తారు.

మరి న్యాయమైన దారి ఏది? కొత్త కారు సంగతి ముందు చెబుతాను. పొరుగు రాష్ట్రంలో కొత్త కారు కొనడం నేరం కాదు. యానాంవారు కాకినాడలో కొనవచ్చు, హోసూరువారు బెంగుళూరులో కొనవచ్చు. కాకపోతే బిల్లుమీద మీరు నిజంగా వుంటున్న ఊరి చిరునామా వేయించుకోవాలి. అక్కడ తాత్కాలిక రిజిస్ట్రేషన్ చేయించి, బండిని మీ ఊరికి తెచ్చి, మీ రాష్ట్రంలోనే శాశ్వత రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. టాక్సు కూడా అక్కడే కట్టాలి. డీలరు దగ్గర అమ్మకపు ధ్రువపత్రం అయిన 21వ నమూనా, కంపెనీవారి 22వ నమూనా, ఇన్సూరెన్సు పత్రం తీసుకోనిదే షోరూము మెట్లు దిగవద్దు. డబ్బు చెల్లించాక ఈ పత్రాలకోసం రెండువందల మైళ్ళు తిరగవలసి వస్తే, చవకగా వచ్చిందనుకున్న పదివేలూ పెట్రోలుకే సరిపోతాయి. బిల్లులో ఏమిటో తెలియని ఖర్చు కనిపిస్తే అది దేనికని అడగండి. ఇన్సూరెన్సు వారి దగ్గరే తీసుకోవాలన్న నిర్బంధం లేదని కూడా తెలుసుకోండి.

ఇక ఉద్యోగమో వ్యాపారమో మారి, వున్న కారునే వేరే రాష్ట్రానికి తీసుకుపోయేవారి సంగతి. పన్నెండు నెలలకు మించి బండి పరాయి రాష్ట్రంలో వుంటే అక్కడి కొత్త నంబరు తీసుకోవాలని చట్టంలోని 47వ సెక్షను చెబుతున్నది. కర్ణాటకంలో 2014లో ఒక సవరణ చేసి, ముప్పై రోజులు దాటితే చాలు, జీవితకాలపు టాక్సు కట్టాలన్నారు. దానిమీద కొందరు హైకోర్టుకు వెళ్ళగా 2016లో ఆ నిబంధనను కొట్టివేశారు. దీనివల్ల మనం నేర్వవలసినది వున్నది. రోడ్డుమీద అధికారి అడిగినదల్లా చట్టం కాదు. చట్టమైనా న్యాయస్థానం ముందు నిలవాలి. కాని వాదించేవాడి చేతిలో, బండి ఈ రాష్ట్రానికి ఎప్పుడు వచ్చిందో చూపే రుజువు వుండాలి. టోలుగేటు రసీదు, పెట్రోలు బిల్లు, సర్వీసు చీటీ, ఇంటి అద్దె ఒప్పందం, వీటిని పారవేయకండి.

నంబరు మారాలంటే పాత రాష్ట్రపు ఆర్.టి.ఓ. కచేరీనుంచి నిరభ్యంతర పత్రం కావాలి. దీనికి 28వ నమూనాలో దరఖాస్తు పెట్టాలి. ఇందులో సామాన్యులకు తెలియని హక్కు ఒకటి వున్నది. దరఖాస్తు అందిన ముప్పై రోజుల్లో అధికారి పత్రం ఇవ్వాలి, లేదా కారణం రాసి నిరాకరించాలి. రెండూ చేయకపోతే పత్రం ఇచ్చినట్లే లెక్క అని 48వ సెక్షను స్పష్టంగా చెబుతున్నది. బ్యాంకు అప్పు వున్న కారయితే బ్యాంకు అంగీకారం కూడా కావాలి. దానికి గడువు ఏడు రోజులు. ఆ లోపల కారణం చెప్పి కాదనకపోతే అదికూడా ఇచ్చినట్లే. కాబట్టి దరఖాస్తు నోటిమాటతో కాకుండా, తేదీ ముద్రపడిన రసీదుతో ఇవ్వండి. ఆ రసీదే మీ ఆయుధం.

కొత్త రాష్ట్రంలో టాక్సు కట్టిన తర్వాత, పాత రాష్ట్రంలో ముందే కట్టిన జీవితకాలపు టాక్సులో మిగిలిన కాలానికి వాపసు అడగవచ్చు. ఒక్కొక్క రాష్ట్రానికి ఒక్కొక్క పద్ధతి, ఒక్కొక్క గడువు. మనవాళ్ళలో ఎక్కువమంది ఇక్కడే ఓడిపోతారు. కొత్త నంబరు వచ్చిన సంతోషంలో పాత డబ్బు మరచిపోతారు. అడగనివాడికి అమ్మయినా పెట్టదంటారు గదా. సర్కారు అసలే పెట్టదు.

ఈ బాధ తగ్గించడానికి 2021 ఆగస్టులో కేంద్రం భారత్ సిరీస్ అనే నంబరు ప్రకటించింది. సెప్టెంబరు 15 నుంచి అది అమలులోకి వచ్చింది. ఆ నంబరున్న కారు రాష్ట్రం మారినా తిరిగి రిజిస్టరు చేయనక్కరలేదు. టాక్సు రెండేళ్ళకొకసారి కట్టుకుంటే చాలు. రేటు పది లక్షలలోపు కారుకు 8 శాతం, ఇరవై లక్షల వరకు 10, ఆపైన 12 అని నిర్ణయించారు. డీజిలుకు రెండు శాతం ఎక్కువ, విద్యుత్తు బండికి రెండు తక్కువ. ఆలోచన మంచిదే. కాని అది సైనికులకు, ప్రభుత్వోద్యోగులకు, ప్రభుత్వ సంస్థలవారికి, నాలుగు రాష్ట్రాలలోనైనా కార్యాలయాలున్న ప్రైవేటు కంపెనీల ఉద్యోగులకు మాత్రమే. షోలాపురం నేతవానికి లేదు. బళ్ళారి రైతుకు లేదు. బెంగుళూరులో మెస్సు నడిపే నెల్లూరు మనిషికి లేదు. తిరిగేవాడికోసమే ఆ నంబరు పుట్టింది. అయితే సొంత చేతులమీద బ్రతుకుతూ తిరిగేవాడు దానికి ఆమడ దూరంలోనే నిలిచిపోయాడు. ఇది సరిదిద్దమని అడగడం ప్రవాసాంధ్ర సంఘాల పని కాదూ?

ఇప్పుడు పాత కార్ల బేరం. ఇందులో అమ్మినవాడికే ఎక్కువ ముప్పు వున్నదని చాలామంది ఎరుగరు. కారు అమ్మి, డబ్బు పుచ్చుకుని, తాళాలిచ్చి, పేరుమార్పిడి సంగతి వాళ్ళే చూసుకుంటారని కూర్చుంటాము. కొన్నవాడు ఇంకొకడికి అమ్ముతాడు, వాడు మరొకడికి. ఏ ఊళ్ళోనో ప్రమాదం జరుగుతుంది. రికార్డులో వున్నది మన పేరు. అలా చేతులు మారిన కారు కేసులోనే 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. రిజిస్టరులో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో వారే యజమాని, నష్టపరిహారానికి బాధ్యులు వారే అని. అమ్మిన డబ్బు ఆడపిల్ల పెళ్ళికి ఖర్చయిపోయి వుంటుంది. నాలుగేళ్ళకు ట్రిబ్యునలునుంచి నోటీసు వస్తే ఆ ఇంటి గతి ఏమి కావాలి?

కాబట్టి ఈ గడువులు రాసి పెట్టుకోండి. ఒకే రాష్ట్రంలో అమ్మితే అమ్మినవాడు పద్నాలుగు రోజుల్లో కచేరీకి తెలపాలి. వేరే రాష్ట్రంవారికి అమ్మితే నలభై అయిదు రోజుల్లో నిరభ్యంతర పత్రంతో సహా పని పూర్తి చేయాలి. కొన్నవాడు ముప్పై రోజుల్లో తన ఊరి అధికారికి తెలపాలి. ఇన్సూరెన్సు మార్చమని పద్నాలుగు రోజుల్లో దరఖాస్తు చేయాలి. ఇన్సూరెన్సు పాతవాని పేర వుండగా కారు దెబ్బతింటే, కొన్నవాడి సొంత నష్టానికి కంపెనీ పైసా ఇవ్వనక్కరలేదని 1995లోనే సుప్రీంకోర్టు చెప్పింది. డబ్బు ఒక చేతిలో, సంతకాలు ఒక చేతిలో వున్నప్పుడే బేరం ముగించాలి.

కొనేవారికి ఇంకొక హెచ్చరిక. ఢిల్లీ ప్రాంతంలో పదేళ్ళు దాటిన డీజిలు కార్లు, పదిహేనేళ్ళు దాటిన పెట్రోలు కార్లు నడపరాదని 2015లో హరిత ట్రిబ్యునలు, 2018లో సుప్రీంకోర్టు ఆదేశాలిచ్చాయి. అప్పటినుంచి ‘ఢిల్లీ బండి, కారుచవక’ అని దక్షిణాదిన బ్రోకర్లు తిరగసాగారు. ఆ బండ్లన్నీ చెడ్డవని నేననను. నిరభ్యంతర పత్రం చేతికి రాకముందే డబ్బిస్తే, ఇక్కడ నంబరు రాని ఇనుపముక్క మిగులుతుందని మాత్రం అంటాను. అలాగే 2015 డిసెంబరులో చెన్నపట్నపు వరదల్లో ఎన్నో కార్లు మునిగాయి. అటువంటి బండికి రంగు వేసి, సీట్లు మార్చి, దూరపు ఊళ్ళో అమ్మితే కనిపెట్టడం కష్టం. అందుకే కంపెనీ సర్వీసు చరిత్ర, ఇన్సూరెన్సు క్లెయిముల చరిత్ర రెండూ అడగాలి. చరిత్ర చూపనివాని దగ్గర కారు కొనవద్దు. ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో మీటరు అబద్ధమాడవచ్చును. అయిదేళ్ళ సర్వీసు చీట్లు ఒకేసారి అబద్ధమాడలేవు.

సర్వీసు మాట వచ్చింది కనుక అదికూడా చెబుతాను. ‘మీరు మా దగ్గర కొనలేదు, కొన్నచోటికే పోండి’ అని కొందరు డీలర్లు పొరుగు రాష్ట్రపు నంబరు చూడగానే ముఖం చిట్లిస్తారు. వారంటీ ఇచ్చింది కంపెనీ. ఒక్క డీలరు కాదు. వారంటీ పుస్తకంలోని షరతులు చదివి, ఆ పేజీ చూపించి, నిరాకరిస్తే అదే కాగితంమీద రాసిమ్మనండి. ‘రాసివ్వండి’ అన్న మాటకు ఎంతో మహిమ వున్నది. నోటితో కాదన్నవారు చాలామంది కలంతో కాదనరు.

ఇక వారంటీ భయం చూపి, చిన్న మరమ్మతుకు కూడా తమ వద్దకే రావాలనే పద్ధతి. 2014 ఆగస్టు 25న భారత కాంపిటీషన్ కమిషను పద్నాలుగు కార్ల కంపెనీలమీద మొత్తం దాదాపు 2,544 కోట్ల రూపాయల జరిమానా వేసింది. విడిభాగాలు, పనిముట్లు, మరమ్మతు సమాచారం బయటి మెకానిక్కులకు అందకుండా బిగించి, కొనుగోలుదారుకు వేరే దారి లేకుండా చేశారన్నది అభియోగం. బయట మరమ్మతు చేయించినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దు చేయరాదని, ఆ మరమ్మతువల్ల కలిగిన నష్టం మేరకే కాదనవచ్చునని కూడా కమిషను చెప్పింది. కంపెనీలు అప్పీళ్ళకు వెళ్ళాయి. 2016లో అప్పీలు ట్రిబ్యునలు కొన్నిటికి జరిమానా తగ్గించింది గాని తప్పు లేదనలేదు. మన పేటలో నమ్మకమైన మెకానిక్కు అన్నం తినాలన్నా, మన జేబు నిలవాలన్నా ఈ సూత్రం నిలవాలి.

ఎల్ల దాటి కారు కొనేవాడి హక్కు కోసం ఇతర దేశాలవారు కూడా పోరాడారు. 1990 దశకంలో ఇటలీ నాణెం విలువ పడిపోయి అక్కడ కార్లు చవకయ్యాయి. జర్మనీ, ఆస్ట్రియా ప్రజలు ఇటలీకి పోయి వోక్స్‌వాగన్, ఆడి కార్లు కొనబోతే, విదేశీయులకు అమ్మవద్దని కంపెనీ ఇటలీ డీలర్లను కట్టడి చేసింది. కొనుగోలుదారులు మొర పెట్టుకున్నారు. 1998 జనవరిలో ఐరోపా కమిషను ఆ కంపెనీకి 10 కోట్ల 20 లక్షల ఎక్యూల జరిమానా విధించింది. 2000లో న్యాయస్థానం దాన్ని 9 కోట్ల యూరోలకు తగ్గించినా తప్పు తప్పేనన్నది. వేరువేరు దేశాల మధ్యనే కొనుగోలుదారుని ఎల్ల దగ్గర ఆపకూడదన్నప్పుడు, ఒకే దేశంలో వున్న మనల్ని ఆపడం ఏమి న్యాయం?

మోసపోయినవాడు ఎక్కడికి పోవాలి? పూర్వం పెద్ద అడ్డంకి ఇదే. విజయవాడలో కొన్న కారు చెడితే పూనానుంచి విజయవాడకు పోయి కేసు నడపాలి. అంత ఖర్చు పెట్టలేక జనం నోరు మూసుకునేవారు. 2020 జూలై 20న అమలులోకి వచ్చిన 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఈ అడ్డంకి తీసివేసింది. ఫిర్యాదుదారు తాను నివసించే ఊళ్ళో, లేదా పనిచేసే ఊళ్ళో వున్న జిల్లా కమిషనులోనే ఫిర్యాదు చేయవచ్చు. వకీలు తప్పనిసరి కాదు. చెల్లించిన సొమ్ము అయిదు లక్షల లోపయితే రుసుము లేదు. యాభై లక్షల వరకు జిల్లా కమిషనే వింటుంది. కారణం ఏర్పడిన రెండేళ్ళలోపల దాఖలు చేయాలి. అంతకుముందు 1915 నంబరుకు టెలిఫోను చేసి తెలుగులోనే చెప్పుకోవచ్చు. ఒక్క సంగతి మరువకండి. ఈ చట్టం వ్యాపారిమీద, కంపెనీమీద పనిచేస్తుంది. పక్కింటాయన తన సొంత కారు మీకు అమ్మితే ఇది వర్తించదు. అక్కడ రాతకోతలే మీకు రక్ష.

చివరిగా మన సంఘం ఏమి చేయాలి? బొంబాయిలో 1966లో తొమ్మిదిమంది గృహిణులు కూడి వినియోగదారుల సంఘం స్థాపించారు. వారిచేత ధనం లేదు, పదవి లేదు. సరుకులో కల్తీని సహించకూడదన్న పట్టుదల వున్నది. మనకు వారికన్న సాధన సంపత్తి ఎక్కువే. ఈ సంఘంలో వకీళ్ళున్నారు, ఇన్సూరెన్సువారున్నారు, మెకానిక్కులున్నారు, కచేరీల్లో పనిచేసి పెన్షను పుచ్చుకున్నవారున్నారు. నెలకొక ఆదివారం ఈ గ్రంథాలయం వరండాలో ఒక బల్ల వేసి కూర్చుందాము. ఎవరి కాగితాలు వారు తెచ్చుకుంటారు; తెలిసినవారు చూసి చెబుతారు. స్థానిక భాష రాని మన కొత్త కాపురాలకు దరఖాస్తు రాసి పెడదాము. ఏ రాష్ట్రంలో వాపసు ఎలా అడగాలో ఒక పుస్తకంలో ఎక్కిద్దాము. చెన్నపట్నం, బరంపురం, షోలాపురం, యానాం సంఘాలకు ఉత్తరాలు రాసి వారి అనుభవం కూడా సేకరిద్దాము. అప్పుడు ప్రభుత్వం ముందు రెండు కోరికలు పెట్టవచ్చు. రాష్ట్రం మారినప్పుడు మిగిలిన టాక్సు యజమానిచేత అడిగించుకోకుండా ఒక ఖజానానుంచి మరొక ఖజానాకు నేరుగా పోవాలి. భారత్ సిరీస్ స్వయంగా కష్టపడి బ్రతికేవారికి కూడా అందాలి.

మన పెద్దలు ఎల్ల దాటి వచ్చినప్పుడు వారిచేత మూటముల్లె తప్ప మరేమీ లేదు. అయినా ఊరుగాని ఊళ్ళో ఒకరికొకరు సాక్షి సంతకం పెట్టుకుని, ఒకరికొకరు హామీ నిలిచి ఇళ్ళు కట్టుకున్నారు. ఆ హామీనే ఇవాళ కాగితాల విషయంలో మనం ఒకరికొకరం ఇచ్చుకోవాలి. వచ్చే నెల మొదటి ఆదివారం ఉదయం పదింటికి మీ ఆర్.సి. పుస్తకం, ఇన్సూరెన్సు పత్రం పట్టుకుని ఈ వరండాకు రమ్మని అందరినీ ఆహ్వానిస్తున్నాను.